కార్మికుడిలో కుడి

ఇంగ్లీషులో ‘రైటు’ అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పేవాణ్ణి. ఒప్పు అని ఒకటి, కుడి అని ఒకటి, హక్కు అని ఒకటి. నల్లబల్ల మీద మూడు గళ్ళు గీసి, ఒక్కో దాని కింద ఒక్కో వాక్యం రాయించేవాణ్ణి. రాయలేనివాణ్ణి బెంచీ ఎక్కించేవాణ్ణి. అలాంటి నేను, ఊరంతా వింటూండగా, అసలు సిసలు ఇంగ్లీషు మనిషి పక్కన నిలబడి, ఆ మూడింటిలో ఏది వాడకూడదో సరిగ్గా దాన్నే ఏరుకుని వాడాను. నన్ను బెంచీ ఎక్కించేవాళ్ళు లేకపోయారు గానీ, ఊళ్ళోవాళ్ళు నాకో పేరు తగిలించారు. నా అసలు పేరు పోస్టుమాను కూడా మరిచిపోయేంత గట్టిగా అంటుకుంది అది.

ఎనభైల మొదట్లో సంగతి. రాజోలుకీ మలికిపురానికీ మధ్య, కాలవ పక్కనున్న ఒక ఊరి హైస్కూల్లో నేను ఇంగ్లీషు మాస్టారిని. ఆ ఊళ్ళో కొబ్బరి వలుపు కార్మికులుండేవారు. వలుపంటే కాయ మీదున్న పీచు డొక్క తీయడం. నేలలో పాతిన ఇనప మొనకి కాయను గుచ్చి, అటో విసురు ఇటో విసురు విసిరితే డొక్క ఊడి పక్కన పడేది. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. ఓసారి నేనూ సరదాపడ్డాను. కాయకేమీ కాలేదు. నాకే కట్టు కట్టాల్సి వచ్చింది.

వాళ్ళ పాకలు కాలవ గట్టు మీద ఉండేవి. కాలవ నిండితే గట్టు చెమర్చేది, గోదారి పొంగితే పాకల్లోకి నీళ్ళొచ్చేవి. అప్పుడు తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని అందరూ మా బళ్ళోకి చేరేవారు. వలుపు కార్మికుల సంఘం కార్యదర్శి తల్లి ఒకావిడ ఉండేది. ఊరంతటికీ ఆవిడ మామ్మే. మామ్మగారి కోళ్ళు ఏటా ఓ వారం రోజులు నా తొమ్మిదో తరగతి గదిలోనే ఉండేవి. ఆ వారం హాజరు బాగా పడేది.

చివరికి ఆ యేడు ప్రభుత్వం వాళ్ళకోసం కాలనీ కట్టించింది. వంతెన దిగగానే ఒక రోడ్డు, దానికి అటూ ఇటూ రెండు వరసల ఇళ్ళు. కుడి వరస మెరక. ఎడమ వరస పల్లం. అది నిన్న మొన్నటిదాకా వరిచేను. గోడలు లేచాక కూడా కప్పలు ఆ సంగతి ఒప్పుకోలేదు. ఇళ్ళు ఎవరికి ఏ వరసలో ఇవ్వాలో జాబితా రాసింది పంచాయతీ ప్రెసిడెంటు గారు. ఆయనకి కొబ్బరితోటలున్నాయి, మంచి కంఠం ఉంది, ఎర్రజెండా చూస్తే ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. కుడి వరసంతా తన వాళ్ళకి రాసేసుకున్నారు. వలుపువాళ్ళందరినీ ఎడమ వరసలో పల్లంలోకి దింపారు. పేదల జాబితాలో మీ బావమరిది ఎలా చేరాడండీ అని ఎవరైనా అడిగితే, “నా ముందు ఆడు పేదోడేనండి” అనేవారు.

కార్యదర్శి అర్జీల మీద అర్జీలు పెట్టాడు. గట్టు మీద నీళ్ళకి భయపడి ఇల్లడిగితే మళ్ళీ నీళ్ళలోనే ఇల్లిస్తారా అన్నది వాళ్ళ గోడు.

“ప్రభుత్వం ఊరికే ఇస్తున్న ఇంటికి కుడేంటి, ఎడవేంటండి?” అనేవారు ప్రెసిడెంటు గారు. “ఇచ్చింది పుచ్చుకోండి.”

అలాంటి రోజుల్లో మిషను ఆసుపత్రిలో పనిచేసే నర్సు దొరసాని గారి తమ్ముడు, అక్కని చూడ్డానికని ఇంగ్లండు నుంచి వచ్చాడు. దొర అంటే దొర కాడు. అక్కడ బస్సు నడిపి రిటైరయిన మనిషి. యూనియన్లో తిరిగినవాడు. ఉండేది కౌన్సిలు వాళ్ళు కట్టిన ఇంట్లో. ఈ సంగతి తెలియగానే కార్యదర్శి ఆయన్ని సంఘం మీటింగుకి పిలిచేశాడు. ఆ వెంటనే మా ఇంటికొచ్చాడు.

“మేస్టారూ, దొరగారి మాటలు తమరు తెలుగు చెయ్యాలండి. ఊళ్ళో అంత ఇంగ్లీషు ఇంకెవరికుందండి?”

ఆ రెండో వాక్యం అనకుండా ఉండుంటే బతికిపోయేవాణ్ణి.

మీటింగు ఆదివారం మధ్యాహ్నం, చర్చిలో ప్రార్థన అయ్యాక, డొక్కల గుట్ట పక్కన. ఆగస్టు నెల. జెండా పండుగ దగ్గర పడిందని హెడ్మాస్టరు గారు ఆదివారం కూడా పొద్దున్నంతా నా చేత డ్రిల్లు చేయించారు. లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్ అని అరిచి అరిచి, ఆ రెండు మాటలూ నాలిక మీద కాయలు కట్టిన స్థితిలో వెళ్ళాను. ప్రెసిడెంటు గారు కూడా వచ్చి ముందు కుర్చీలో కూచున్నారు. పిలవలేదు గానీ, దొర ఏం మాట్లాడతాడో వినకపోతే ఆయనకి అన్నం సయించదు.

దొర నోరు విప్పగానే నాకు చెమటలు పట్టాయి. మా పుస్తకాల్లో ఇంగ్లీషు ఇస్త్రీ మడత. ఆయనది ఒంటి మీద నలిగిన లుంగీ. సగం మాటలు మింగేసి మిగతా సగం ముక్కుతో అంటున్నాడు. ‘కౌన్సిల్ హౌస్’ అన్నది ఒక్కటి తెలిసింది. కౌన్సిలు అంటే మా ఊరి లెక్కలో పంచాయతీయే గదా అని, “ఆయన పంచాయతీ ఇంట్లో ఉంటారు” అన్నాను.

మామ్మ ముందు వరసలో కూచుంది. “పంచాయతీ ఆఫీసులో కాపురవాండి?” అంది బుగ్గన చెయ్యేసుకుని. “మరి మీటింగులు పెట్టుకున్నప్పుడు పొయ్యి ఎక్కడ ఎలిగిస్తారండి?”

దొరకి చెప్తే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఫీసు కాదు, ఊరి కౌన్సిలే కూలి జనం కోసం ఇళ్ళు కట్టి అద్దెకిస్తుంది, కప్పు కారితే వాళ్ళే వచ్చి బాగుచేస్తారు అన్నాడు. నేను అదే చెప్పాను.

“కప్పు కారితే పంచాయతీవోళ్ళొచ్చి బాగుచేస్తారా?” అంది మామ్మ. “మేస్టారూ, ఆయన చెప్పిందే చెప్పండి. మీ సొంతం కలపకండి.”

అందరూ నవ్వారు. ప్రెసిడెంటు గారు నవ్వలేదు.

ఆ తర్వాత దొర రాజకీయాల్లోకి వెళ్ళాడు. మా దేశంలో లెఫ్టువాళ్ళు, రైటువాళ్ళు అని రెండు పక్షాలు. ఒకప్పుడు ఎవరు గద్దెనెక్కినా మేం ఎక్కువ ఇళ్ళు కట్టామంటే మేం ఎక్కువ కట్టామని పోటీపడి కౌన్సిలు ఇళ్ళు కట్టారు. ఇప్పుడు రైటువాళ్ళొచ్చి, ఉంటున్నవాళ్ళు ఆ ఇళ్ళు చవగ్గా కొనేసుకోండి అంటున్నారు. దీనిమీద ఊళ్ళోనే కాదు, మా ఇంట్లో కూడా రెండు పక్షాలు. నేను వద్దంటాను, మా ఆవిడ కొనాలంటుంది. నేను లెఫ్టు, ఆవిడ రైటు. ఆయనన్నన్నిసార్లు నేనూ ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ తెలుగు చేసుకుంటూ పోయాను. పొద్దుటి డ్రిల్లుకీ దానికీ తేడా కాళ్ళు కదలకపోవడమే.

“కొంటే తప్పేంటంటండి?” అంది మామ్మ.

నేను పోయాక ఆ ఇంట్లోకి ఇంకో కూలివాడు రావాలి, నేనే కొనేసుకుంటే వాడెక్కడికి పోతాడు అని దొర జవాబు. జనం తలలూపారు.

“మరి ఆ తల్లేవంటాదంటండి?”

ఇన్నేళ్ళూ తలుపుకి కౌన్సిలు వేసిన రంగే చూశాను, చచ్చేలోగా ఒక్కసారి నాకు నచ్చిన రంగు వేసుకోవాలి అంటుందట ఆవిడ.

“ఆవిడన్నదీ నిజవేనండి,” అంది మామ్మ. అక్కడికి సభ రెండుగా చీలింది. మగవాళ్ళు దొర వైపు, ఆడవాళ్ళు ఆయన భార్య వైపు. ఇంగ్లండులో సద్దుమణగని తగువు డొక్కల గుట్ట దగ్గర కాసేపు బాగా సాగింది.

గోల కాస్త తగ్గాక దొర లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, నాకు కూడా తెలిసేంత స్పష్టంగా ఒక్క ముక్క అన్నాడు: “ఎ హౌస్ ఈజ్ ఎ వర్కర్స్ రైట్!”

నేను కూడా చెయ్యెత్తి, డ్రిల్లు గొంతుతో అన్నాను: “ఇల్లనేది కార్మికుడికి కుడి!”

‘కార్మికుడికి’ అన్న మాట కడుపులోనే ఓ కుడి ఉందన్న సంగతి అంతవరకూ నాకు తట్టలేదు. దానికి తోడు ఇంకో కుడి తగిలించానన్నమాట. అనగానే ఏదో కాలు జారినట్టయింది. దిద్దుకుందామని నోరు తెరిచేలోగా ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి లేచిపోయారు.

“ఆయ్! విన్నారాండీ అందరూ? దొరగారే సెలవిచ్చేరు! కార్మికుడు కుడి! ఇంక ఆ ఎర్రజెండాలు మడతెట్టి పెట్లో ఎట్టేసుకోండి!”

“అది కాదండీ, రైటంటే ఇక్కడ హక్కని...” అన్నాను.

“మేస్టారూ, మాట మార్చకండి. ఒక మాటకి ఒకటే అర్థం. రైటంటే కుడి, లెఫ్టంటే ఎడమ. బళ్ళో మీరు పిల్లలకి నేర్పేది అదే కదండీ? దానికింకో అర్థం లేదండి.”

ఆ కబురు ఊళ్ళో వెయ్యడానికి ఆయన టీ రాకుండానే లేచి వెళ్ళిపోయారు. ఆయన ఏమన్నారని దొర నన్నడిగాడు. మీతో పూర్తిగా ఏకీభవించారు అన్నాను. ఆ రోజు చేసిన తప్పుల్లో అది ఎన్నోదో నాకు గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి మా అరుగు మీద ప్రత్యక్షమయ్యాడు. ముఖం వెలిగిపోతోంది.

“కుడంటే మెరకవరసేనాండి?”

“ఒరే నాయనా, అది కుడి కాదు, హక్కు. నేనే నోరు జారాను. నీకు తెలీదా?”

“ఎందుకు తెలీదండి. మా అర్జీల్లో ఆ ముక్క లేని కాయితం లేదండి. హక్కండీ, హక్కండీ అని ఇన్నాళ్ళూ అడిగితే ఒక్కరన్నా పలికేరాండి? కుడని అడిగితే ప్రెసిడెంటు గారే సాక్ష్యవండి. ఇంకో అర్థం లేదని అందరి ముందూ ఆయనే అన్నారు కదండీ.”

నా తప్పుని నాకంటే అతనే బాగా అర్థం చేసుకున్నాడు. సాయంత్రానికల్లా వంతెన మీంచి కొత్త నినాదం వినపడింది. “కార్మికుడికీ...” అని ఒకడు అందుకుంటే, “కుడి వరస!” అని అందరూ. ప్రాస బాగా కుదిరిందని ఓ తెలుగు పండితుడు నన్ను అభినందించాడు కూడా.

ప్రెసిడెంటు గారికి తను వేసిన ముడి తన కాళ్ళకే పడిందని తెలిసేసరికి రెండు రోజులు పట్టింది. తెలిశాక కోపమంతా నామీదికి మళ్ళింది. “ఆ కుడి మేస్టారు చేసిన పనండీ ఇదంతా” అని టీ బడ్డీ దగ్గర అన్నారు. అంతే, పేరు పడిపోయింది. ‘రైట్ టర్న్’ అని నేననడమే ఆలస్యం, డ్రిల్లు పిల్లలు నవ్వుల్లో మునిగి ఎటు తిరగాలో మరిచిపోయేవారు. పోస్టుమాను “కుడి మేస్టారూ, ఉత్తరవండి” అని వీధిలోంచి కేకేసేవాడు. మా ఆవిడ కూడా ఊరుకోలేదు. “కుడి మాస్టారి పెళ్ళాన్ని కాబట్టే పెళ్ళిలో నన్ను ఎడం పక్కన నిలబెట్టారు కాబోలు” అంది.

పేరు సంగతి అటుంచి, నాకు లోపల ఒక బెంగ పట్టుకుంది. తాసీల్దారు గారు పట్టాలివ్వడానికి వస్తున్నారు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. ఒక్క ప్రశ్నతో ఈ ‘కుడి’ వేళ్ళతో సహా ఊడిపోతుంది. దాన్ని నమ్ముకుని నిలబడ్డ జనం మళ్ళీ పల్లంలోకే. వచ్చే వరదకి మామ్మ కోళ్ళు మళ్ళీ నా క్లాసుకే.

ఆయన వచ్చిన నాటికి ముందు రోజంతా ముసురు. వలుపువాళ్ళందరూ పిల్లా జెల్లాతో, బిందెలూ చాపలతో రోడ్డుకి కుడి పక్కన వరసగా నిలబడ్డారు. ఎడమ పక్కన ఒక్క మనిషి లేడు, కప్పలు తప్ప.

“ఇదేంటి? ఎవరు నిలబడమన్నారు?” అన్నారు తాసీల్దారు గారు.

“దొరగారు చెప్పేరండి. మేస్టారు తెలుగు చేసేరండి. రైటంటే కుడే, ఇంకో అర్థం లేదని ప్రెసిడెంటు గారు ఖాయం చేసేరండి,” అన్నాడు కార్యదర్శి ఒక్క ఊపిరిలో.

తాసీల్దారు గారు నా వైపు తిరిగారు. “అసలాయన ఏమన్నాడండీ?”

అబద్ధం చెప్పే తెలివి నాకు లేదు. ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు. “ఇల్లు కార్మికుడి హక్కు అన్నారండి. కుడి అన్నది నేను,” అన్నాను. గుంపులో మామ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

తాసీల్దారు గారు నవ్వు బిగబట్టుకుని ప్రెసిడెంటు గారి వైపు తిరిగారు. “రైటంటే హక్కని మీకు తెలీదాండి?”

“తెలుసండి.”

“మరి ఇంకో అర్థం లేదన్నారట?”

ప్రెసిడెంటు గారు దగ్గారు. ఆ దగ్గుకి ఒక్క అర్థమూ లేదు.

“సరే, కుడి సంగతి తేలింది. ఆ ఎడమేంటో కూడా చూద్దాం,” అని తాసీల్దారు గారు పల్లపు వరసలోకి రెండడుగులు వేశారు. మూడో అడుగు పడలేదు. మోకాలి దాకా దిగబడింది. ఇద్దరు వలుపువాళ్ళు ఆయన్ని పైకి లాగారు. చెప్పు మాత్రం చేనుకే వదిలేశారు. ఒంటికాలి చెప్పుతో నిలబడి, “జాబితా పక్కన పెట్టండి, చీటీలు వెయ్యండి,” అన్నారు.

చీటీలు మామ్మ తెచ్చిన కొబ్బరి చిప్పలో వేశారు. వలుపువాళ్ళలో చాలామందికి మెరక వచ్చింది, కొందరికి పల్లం వచ్చింది. ప్రెసిడెంటు గారి మనుషులకీ అంతే. మామ్మకి మాత్రం ఎడమ వరసలో అన్నింటికన్నా పల్లంగా ఉన్న చివరి ఇల్లు తగిలింది. ఆవిడ చీటీని అటూ ఇటూ తిప్పి, “మేస్టారూ, ఇది కుడిగా చదవడం కుదరదాండి?” అని నన్నడిగింది. నిజం చెప్పి నేను వాళ్ళకి చేసిందేమిటో నాకు అర్థం కాలేదు.

ఇంతలో పక్కింటి చీటీ విప్పారు. ప్రెసిడెంటు గారి బావమరిది.

తర్వాత జరిగింది ఊళ్ళో వాళ్ళందరూ చూశారు. కార్యదర్శి అర్జీలన్నీ కలిసి ఒక గంపెడు మట్టిని కదిలించలేకపోయాయి. చీటీలు తీసిన వారం తిరక్కుండానే మట్టి బళ్ళు వరస కట్టాయి. పల్లపు వరసంతా మెరక చేశారు. ఒక్క ఇంటి లోపలా చుట్టూరా మట్టి పోస్తే అది పక్కింట్లోకి జారుతుంది గదా, అందుకని అన్నింటికీ పోయక తప్పలేదు. నిజానికి ఎడమ వరస కుడి వరస కన్నా బెత్తెడు ఎత్తు లేచింది. మామ్మ తన కోళ్ళని బుట్ట కింద మూసి, బళ్ళు తోలిస్తున్న ప్రెసిడెంటు గారికి దణ్ణం పెట్టింది. “తవరి బావమరిది గారు సల్లగా ఉండాలండి.”

ఇంతవరకూ అందరికీ న్యాయం జరిగింది, నాకు తప్ప. నేను కుడి మాస్టారుగానే మిగిలాను. ఎదురైనప్పుడల్లా ప్రెసిడెంటు గారు కావాలని, “కుడి మేస్టారూ, కులాసావేనాండి?” అని పలకరించేవారు. ఆయ్ అనేవాణ్ణి. ఇంకేమనగలను?

డిసెంబరులో దొర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కాలనీలో సెమీ క్రిస్మస్ జరుపుకుంటూ అందరి ముందూ చదవమన్నారు. ప్రెసిడెంటు గారు ముఖ్య అతిథి. పక్కూళ్ళ నుంచి వాళ్ళ పార్టీ పెద్దలిద్దర్ని కూడా వెంటబెట్టుకొచ్చారు.

“నా పేరేవన్నా రాసేడాండి?” అని నా చెవిలో అడిగారు.

“రాశారండి. చదువుతాను,” అన్నాను.

ముందు అందరికీ శుభాకాంక్షలు. తర్వాత ఇంటి కబురు. చివరికి దొర ఓడిపోయాడు, ఇల్లు కొనేశారు. కానీ తలుపు రంగు విషయంలో భార్య ఆయన్ని కాదనలేదట. ఎర్రరంగు వేశారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ తామే గెలిచామని చప్పట్లు కొట్టారు.

ఆ కిందనే ఉంది ఆ వాక్యం. “యువర్ ప్రెసిడెంట్ లెఫ్ట్ బిఫోర్ ఐ కుడ్ షేక్ హిజ్ హ్యాండ్.” నేను చెయ్యి కలిపేలోగానే మీ ప్రెసిడెంటు వెళ్ళిపోయారు అని పాపం ఆ పెద్దమనిషి విచారం. దాన్ని ఒకసారి ఇంగ్లీషులో అందరికీ వినపడేలా చదివాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. అప్పుడు తెలుగు చేశాను.

“మీ ప్రెసిడెంటు గారు లెఫ్టు. అంటే ఎడమ. ఆ సంగతి తెలిసుంటే ముందే చెయ్యి కలిపేవాణ్ణే అని దొరగారు బాధపడుతున్నారండి.”

పార్టీ పెద్దలిద్దరూ ఒకేసారి ప్రెసిడెంటు గారి వైపు తిరిగారు. ఆయన ముఖం దొరగారి తలుపు రంగుకి వచ్చింది.

“మేస్టారూ! లెఫ్టంటే ఎళ్ళిపోయేడని కదండీ!”

“ఆయ్. మరి తమరే సెలవిచ్చేరు కదండీ. ఒక మాటకి ఒకటే అర్థం. రైటంటే కుడి, లెఫ్టంటే ఎడమ. దానికింకో అర్థం లేదని.”

కార్యదర్శి ఎప్పుడు లేచాడో, వెళ్ళి ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. “ఇన్నాళ్ళూ ఒక్క ముక్కన్నా చెప్పలేదేంటండి, కామ్రేడ్ ప్రెసిడెంటు గారూ!” కాలనీ అంతా గొల్లుమంది. మామ్మైతే నవ్వలేక ఆయాసపడి నీళ్ళడిగింది.

ఆయనకి అక్కణ్ణించి లేచి పోవాలని ఎంత ఉందో ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా ఆ పూట టీ వచ్చి, అది తాగి, గ్లాసులు కడిగేదాకా కుర్చీలోంచి కదల్లేదు. లేచి వెళితే మళ్ళీ లెఫ్ట్ అంటానని భయం.